ఎల్‌నినో అంటే చిత్తూరు కొండలకు కరువేనా? పసిఫిక్ లెక్కలు మనకెంతవరకు పనికొస్తాయి?

పాకాల మామిడి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. టీవీ పెడితే ఎల్‌నినో, పేపర్ తిప్పితే ఎల్‌నినో. ఈ ఏడు కరువేనని మా ఊళ్లో అప్పుడే తేల్చేశారు. చెనక్కాయ విత్తనాలు కొనాలా వద్దా, కొత్త మామిడి మొక్కలు ఇప్పుడే నాటాలా ఇంకో ఏడు ఆగాలా అని ఇంట్లో ఒకటే టెన్షన్. మాకు కాలువ లేదు. కొండ వంకలు పారితే చెరువు నిండాలి, చెరువు నిండితే బోర్లలో నీళ్లుండాలి.

నా సందేహం ఏమిటంటే, 2015లో కూడా పెద్ద ఎల్‌నినో అన్నారు. చెనక్కాయ ఎండిపోయింది నిజమే. కానీ అదే ఏడు నవంబరులో ముసురు పట్టి మా చెరువు మరవ (అలుగు) పారింది. మరుసటి ఏడు ఎల్‌నినో పోయింది, ఇక భయం లేదన్నారు. కార్తీకం దాటినా చెరువులోకి నీళ్లు రాలేదు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ఇంకొకటి. పసిఫిక్‌లో ఇరవై ముప్పై ఏళ్లపాటు నడిచే పెద్ద చక్రాలు ఉన్నాయని, అమెరికా కొండల్లో వచ్చే దీర్ఘకాల కరువులకు వాటికీ సంబంధం ఉందని చదివాను. మామిడి మొక్క నాటితే నలభై ఏళ్ల మాట కదా, నాకు ఈ ఏటి వాన కంటే ఆ ముప్పై ఏళ్ల లెక్కే ముఖ్యం. మన శేషాచలానికి, హార్స్‌లీ కొండలకు అలాంటి లెక్క ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

గాదంకి గాలి

పాకాల అన్నా, మీరు చూసింది వింతేమీ కాదు. మన జిల్లాకు వానలు వచ్చే తీరే అది. నేను కొన్నేళ్లు వాతావరణ పరిశోధనలో పనిచేశాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

భూమధ్యరేఖ దగ్గర పసిఫిక్‌లో మామూలుగా వేడి నీళ్లు పడమటి వైపు, అంటే ఇండోనేషియా వైపు పోగుపడి ఉంటాయి. పెద్ద పెద్ద మేఘాలు లేచేదీ అక్కడే. మధ్య, తూర్పు పసిఫిక్‌లో నీళ్లు మామూలు కంటే అర డిగ్రీకి మించి వేడెక్కి, నెలల తరబడి అలాగే ఉంటే దాన్ని ఎల్‌నినో అంటారు. 2015 చివర్లో ఆ తేడా రెండు డిగ్రీలు దాటింది. వేడి నీళ్లు తూర్పుకు జరిగితే మేఘాలూ వాటి వెంటే పోతాయి. అక్కడ పైకి లేచిన గాలి ఇంకెక్కడో కిందికి దిగాలి. అలా దిగే చోటు ఇండోనేషియా మొదలుకొని మన దాకా ఉంటుంది. గాలి కిందికి దిగే చోట మేఘం పెరగదు. అందుకే జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఉండే నైరుతి దెబ్బతింటుంది. ఎల్‌నినో ఏళ్లయిన 2002లో దేశం మొత్తానికి 19 శాతం, 2009లో 22 శాతం, 2015లో 14 శాతం లోటు వచ్చింది.

అక్టోబరు నుంచి గాలి తిరుగుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలం వస్తుంది. ఎల్‌నినో ఏళ్లలో ఈ మూడు నెలలు బంగాళాఖాతం మీదుగా తేమ నిండిన తూర్పు గాలులు దక్షిణ కోస్తా వైపు బలంగా వస్తాయి. 1997లోనూ 2015లోనూ జరిగింది అదే. 2015 నవంబరు, డిసెంబరుల్లో చెన్నై మునిగింది, నెల్లూరు, చిత్తూరు చెరువులు పొంగాయి. అదే పసిఫిక్ నీళ్లు మామూలు కంటే చల్లబడితే లానినా అంటారు. ఆ ఏళ్లలో సాధారణంగా ఇది తారుమారు అవుతుంది. నైరుతి బాగుంటుంది, ఈశాన్యం బలహీనపడుతుంది. మీరు చెప్పిన 2016 అలాంటిదే. ఆ ఏడు తమిళనాడులో ఈశాన్య వాన సగం కూడా పడలేదు, కావేరి డెల్టా ఎండిపోయింది.

ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఏడాది వానలో దాదాపు సగం నైరుతి, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఈశాన్యం. తెలంగాణకు ఇలా కాదు, అక్కడ ముప్పాతికకు పైగా నైరుతే. టీవీలో ‘ఎల్‌నినో అంటే కరువు’ అని చెప్పే మాట వాళ్లకు సరిపోతుంది. మనకు అది సగం సంగతే. చెనక్కాయకు ఎల్‌నినో శత్రువు, చెరువుకు చాలాసార్లు మిత్రుడు. పంటను, చెరువును విడివిడిగా చూడకపోతే మన జిల్లాలో ఏ ఏడాదీ అర్థం కాదు.

మదనపల్లె టమాటా

గాదంకి అన్నా, మీరు చెప్పింది తిరుపతి, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు సరే. మా వైపు నవంబరు ముసురు అంత గట్టిగా ఉండదు. తిరుపతిలో రోడ్లన్నీ మునిగి టీవీల్లో చూపిస్తుంటే మా దగ్గర తుంపర పడి పోయిన ఏళ్లున్నాయి. మాకు ఆగస్టు, సెప్టెంబరుల్లో సాయంత్రం పూట ఉరుములతో వచ్చే వానే ఆధారం. ‘చెరువుకు మిత్రుడు’ అనే మాట జిల్లా అంతటికీ చెప్తే మా పడమటి మండలాలకు అన్యాయం చేసినట్టు అవుతుంది.

కుప్పం మాస్టారు

టమాటా తమ్ముడు సరైన చోట పట్టుకున్నాడు. నేను భూగోళం పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి.

ఈశాన్య గాలి బంగాళాఖాతం నుంచి వస్తుంది. దానికి మొదట ఎదురయ్యేవి నగరి కొండలు, శేషాచలం తూర్పు అంచు. కొండను ఢీకొన్న గాలి పైకి ఎక్కాలి, ఎక్కితే చల్లబడాలి, చల్లబడితే నీళ్లు వదలాలి. తిరుమల మీద, రైల్వే కోడూరు వైపు, తలకోన అడవిలో ఆ నీళ్లు దిగుతాయి. కపిలతీర్థం జలపాతం ఆ నెలల్లో చూడాలి. కొండ దాటిన గాలిలో మిగిలేది తక్కువ. పీలేరు, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు ఆ నీడలో ఉన్నాయి. నైరుతి విషయంలోనూ వాళ్లకు అదే కష్టం, ఆ గాలి పడమటి కనుమల మీద బరువు దించుకునే ఇక్కడికి వస్తుంది. హార్స్‌లీ కొండ ఎత్తు 1,265 మీటర్లు. ఎత్తుంది కాబట్టి చల్లదనం ఉంది, కానీ రెండు గాలులకూ వెనక వరసలో నిలబడి ఉంది.

కాబట్టి ‘కొండ ప్రాంతంలో కరువు’ అనగానే ఏ కొండ, ఏ పక్క, ఏ కాలం అని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. పసిఫిక్‌లో జరిగే మార్పు ఒక్కటే. శేషాచలానికి తూర్పున రైల్వే కోడూరులో దాని ఫలితం ఒకటి, పడమట మదనపల్లెలో మరొకటి.

కొలరాడోలో తిరుపతి

నమస్తే. మాది తిరుపతి, భవాని నగర్. ఇప్పుడు డెన్వర్‌లో నీటి వనరుల రంగంలో పనిచేస్తున్నాను. పాకాల అన్న అడిగిన రెండో ప్రశ్న నేను రోజూ చూసే విషయం, అందుకే రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఎల్‌నినో, లానినా ఏడాదో రెండేళ్లో ఉండి పోతాయి. వాటికంటే నిదానంగా నడిచేవి ఇంకో రెండున్నాయి. ఒకటి ఉత్తర పసిఫిక్‌ది, పసిఫిక్ డెకేడల్ ఆసిలేషన్, పొట్టిగా పీడీవో. అలాస్కాలో సాల్మన్ చేపలు కొన్ని దశాబ్దాలు విపరీతంగా పడటం, కొన్ని దశాబ్దాలు తగ్గిపోవడం ఎందుకని వెతుకుతూ 1990లలో దీన్ని పట్టుకున్నారు. 1947 నుంచి 1976 దాకా చల్లని దశ (అమెరికా తీరం వైపు నీళ్లు చల్లగా ఉండే కాలం), 1977 నుంచి 1998 దాకా వెచ్చని దశ. ఆ తర్వాత ఎక్కువగా చల్లని దశే, 2014 తర్వాత కొన్నేళ్లు వెచ్చబడి, 2020 నుంచి మళ్లీ గట్టిగా చల్లని వైపు పోయింది. రెండోది అట్లాంటిక్‌ది, అట్లాంటిక్ మల్టీడెకేడల్ ఆసిలేషన్, పొట్టిగా ఏఎంవో. అది ఇంకా నిదానం, ఒక చుట్టు తిరగడానికి అరవై డెబ్భై ఏళ్లు.

ఇక్కడి రాకీ పర్వతాలకు శీతాకాలంలో పసిఫిక్ నుంచి వచ్చే తుపానులే ప్రాణం. కొండల మీద మంచు పేరుకుంటుంది, ఎండాకాలంలో కరిగి కొలరాడో నదిలోకి దిగుతుంది. నాలుగు కోట్ల మంది ఆ నీళ్ల మీద బతుకుతున్నారు. పీడీవో చల్లని దశలో ఉన్నప్పుడు తుపానుల్ని మోసుకొచ్చే పైగాలి ఉత్తరానికి జరుగుతుంది. దక్షిణపు కొండలకు మంచు తగ్గుతుంది. అదే సమయంలో అట్లాంటిక్ వెచ్చగా ఉంటే కరువు ఇంకా విస్తరిస్తుంది. 1950లలో అలాగే జరిగింది. 2004లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధన, అమెరికాలో దశాబ్దాల స్థాయి కరువుల తేడాల్లో సగానికి పైగా, 52 శాతం, ఈ రెండు చక్రాలతో ముడిపడి ఉందని తేల్చింది.

ఇది తెలియక జరిగిన నష్టం చెప్తాను. 1922లో కొలరాడో నది నీళ్లను రాష్ట్రాలు పంచుకున్నాయి. అప్పటికి చేతిలో ఉన్న లెక్కలు కొద్ది ఏళ్లవి. అవి మంచి వానల కాలం లెక్కలు. 1976లో చెట్ల వలయాలు కొలిచి చూస్తే, 20వ శతాబ్దం మొదటి ఏళ్లు కొన్ని శతాబ్దాల్లోనే బాగా తడి కాలమని తేలింది. అంటే నదిలో మామూలుగా ఉండని నీళ్లను ఉన్నట్టు లెక్కేసి కాగితం మీద పంచుకున్నారు. 2022 జులైలో ఆ నది మీది మీడ్ జలాశయంలో నీళ్లు 27 శాతానికి పడిపోయాయి. రాతి గోడల మీద తెల్లటి చారలు చూస్తే మన కల్యాణి డ్యామ్ ఎండిన ఏళ్లు గుర్తొచ్చి నాకు కడుపు తరుక్కుపోయింది.

స్వర్ణముఖి

చాలా బాగా వివరించారు అక్కా. నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను, నాకో అనుమానం. పీడీవో ఒక చుట్టు తిరగడానికి యాభై అరవై ఏళ్లు పడుతుందంటే, థర్మామీటర్లతో కొలిచిన కాలంలో అది రెండు చుట్లు కూడా సరిగ్గా తిరగలేదు. రెండు చుట్లు చూసి ‘చక్రం’ అనవచ్చా? అట్లాంటిక్ చక్రానికి 2000లో ఆ పేరు పెట్టిన మైఖేల్ మాన్ కూడా తర్వాత అది సహజమైన చక్రం కాదనే వాదించారు. పాతకాలంలో అగ్నిపర్వతాలు, ఈ కాలంలో మనుషులు వదిలే పొగ, ధూళి కలిసి చక్రంలా కనిపించేలా చేశాయని ఆయన వాదన. అలాంటిదాన్ని నమ్ముకుని మామిడి మొక్కలు నాటమని రైతుకు ఎలా చెప్తాం?

కుప్పం మాస్టారు

మంచి ప్రశ్న వేశావు తల్లీ. థర్మామీటరు లేని కాలానికి చెట్లే సాక్షులు. వాన బాగా పడిన ఏడు చెట్టు వలయం వెడల్పు, కరువు ఏడు సన్నం. ఎత్తయిన కొండల మీద, రాళ్ల మధ్య కష్టపడి పెరిగే చెట్టు ఇంకా స్పష్టంగా చెప్తుంది. హిమాలయాల్లో దేవదారు, కేరళలో టేకు, ఇంకా ఆసియా అంతటా కలిపి వందల చోట్ల నుంచి వలయాలు సేకరించి 2010లో రుతుపవన ఆసియా కరువుల పటం తయారుచేశారు. సుమారు ఏడు వందల ఏళ్ల చరిత్ర అందులో ఉంది. 1790ల కరువు, 1876–78 కరువు రెండూ అందులో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

ఆ రెండూ మన తెలుగు నేల మీద జరిగినవే. 1790ల కరువు ముందు ఏళ్లలో సామర్లకోటలో విలియం రాక్స్‌బరో అనే వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త వాన లెక్కలు రాసి పెట్టాడు, వానలు వరసగా తప్పిపోవడం ఆ లెక్కల్లో ఉంది. 1876–77 మనకు ధాత సంవత్సరం. ధాత కరువు పేరు రాయలసీమ ముసలివాళ్ల నోట మొన్నమొన్నటి దాకా వినిపించేది. 1877లో పసిఫిక్‌లో వచ్చిన ఎల్‌నినో ఇప్పటిదాకా తెలిసిన అతి బలమైనవాటిలో ఒకటి. ఆ కరువు తర్వాతే రుతుపవనాలను ముందుగా పసిగట్టాలన్న పట్టుదల ఈ దేశంలో పుట్టింది. 1904లో భారత వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ ప్రపంచమంతా గాలి పీడనాల లెక్కలు తెప్పించి, పసిఫిక్ వైపు పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతోందని పట్టుకున్నాడు. ఎల్‌నినో గురించి ఇప్పుడు మనం మాట్లాడుకునే శాస్త్రంలో సగం మన కరువును అర్థం చేసుకోబోయి పుట్టినదే. ఇది మన పిల్లలకు పాఠాల్లో ఇంకా గట్టిగా చెప్పాలని నా కోరిక.

ఇక ‘చక్రం’ సంగతి. గడియారంలా తిరిగేదని దాన్ని ఎవరూ అనడం లేదు. అది వాలు లాంటిది. ఏ దశాబ్దంలో ఎటు వాలి ఉందో చెప్పగలం, ఎప్పుడు తిరుగుతుందో ముందుగా చెప్పలేం.

పాత లస్కర్

అందరూ పెద్ద పెద్ద విషయాలు రాశారు. నేను నీటిపారుదలలో లస్కరుగా చేసినవాణ్ణి, నాకు పసిఫిక్ తెలీదు, చెరువు తెలుసు.

సముద్రం వేడెక్కినా చల్లబడినా పడే వాన పడుతూనే ఉంది. ఆ వాన చెరువుకు చేరుతోందా? కొండ నుంచి చెరువుకు వచ్చే సప్లై కాలువ ఎన్ని ఊళ్లలో ఉంది? నేను ఉద్యోగంలో చేరినప్పుడు పై చెరువు మరవ పారితే కింది చెరువుకు, అది నిండితే దాని కింది దానికి, ఇలా గొలుసుగా నీళ్లు దిగేవి. ఇప్పుడు మధ్యలో ఒకచోట ప్లాట్లు, ఒకచోట రోడ్డు, ఒకచోట కట్ట తెంచి మడి చేసుకున్నారు. కొండ మీద రెండు అంగుళాల వాన పడినా వంక నీళ్లు ఎటో పోతున్నాయి. స్వర్ణముఖి ఇసుక తవ్వి తవ్వి గట్టి నేల తేలింది. ఇసుక ఉంటే నీళ్లు పట్టుకునేది, నది ఎండినా రెండు మూరలు తవ్వితే ఊట వచ్చేది.

2021 నవంబరులో రాయలచెరువు కట్ట లీకవుతోందని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. అంత నీళ్లు వచ్చాయి. రెండేళ్లు గడిచేసరికి చుట్టుపక్కల ఊళ్లలో మళ్లీ ట్యాంకర్లు. దీనికి సముద్రం ఏం చేస్తుంది? ఈ మాట కడుపుమంటతో రాస్తున్నాను, ఎవరినీ నొప్పించాలని కాదు.

స్వర్ణముఖి

పెద్దాయనా, మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ రెండూ వేరు కాదని నా ఉద్దేశం. కరువులో రకాలున్నాయి కదా, వాన పడకపోవడం ఒకటి, నేలలో పదును లేకపోవడం ఒకటి, చెరువు, బోరు ఎండిపోవడం ఒకటి. మొదటిది సముద్రం చేతిలో ఉంది. మూడోది చాలావరకు మన చేతుల్లో ఉంది. వాన ఏ కాలంలో తగ్గుతుందో, ఏ కాలంలో ఒక్కసారిగా పడుతుందో ముందుగా తెలిస్తే మీరు చెప్పిన కాలువను ఎప్పటిలోగా బాగుచేయాలో తెలుస్తుంది.

పైగా మీరు చెప్పిన 2021 లానినా ఏడు. గాదంకి అన్న లెక్క ప్రకారం ఈశాన్యం తగ్గాలి. దక్షిణ భారతానికి 1901 నుంచి ఉన్న లెక్కల్లో అతి ఎక్కువ ఈశాన్య వాన ఆ ఏడే పడింది. చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కొట్టుకుపోయింది, తిరుమల ఘాట్ రోడ్డు దెబ్బతింది. దీన్ని ఏమంటారు అన్నా?

గాదంకి గాలి

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. 2010 కూడా లానినాయే, ఆ ఏడూ ఈశాన్య వాన ఎక్కువే పడింది. ఎల్‌నినో, లానినా అనేవి వానను శాసించవు, అవకాశాల్ని అటూ ఇటూ చేస్తాయి, అంతే. ఒక సీజన్‌లో వరసగా నాలుగు అల్పపీడనాలు మన తీరం వైపే వస్తే లానినా కూడా ఆపలేదు. పైగా ఇప్పుడు బంగాళాఖాతం నీళ్లే వేడెక్కి ఉన్నాయి. వెచ్చని గాలి డిగ్రీకి దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. పడే రోజున కుంభవృష్టిగా పడటం అందుకే ఎక్కువవుతోంది.

రెండో సంగతి, మన పెరటి సముద్రం. హిందూ మహాసముద్రంలో పడమటి వైపు వేడెక్కి సుమత్రా వైపు చల్లబడితే దాన్ని పాజిటివ్ డైపోల్ అంటారు. 1999లో దీన్ని గుర్తించారు. 1997లో అంత పెద్ద ఎల్‌నినో వచ్చినా దేశంలో నైరుతి మామూలుగానే పడింది. ఆ ఏడు బలమైన పాజిటివ్ డైపోల్ ఉంది. 2019లో మళ్లీ బలమైన పాజిటివ్, నైరుతి 110 శాతం. 2016లో దీనికి తిరగబడిన బలమైన నెగటివ్, పాకాల అన్న చెరువు ఎండటానికి లానినాతో పాటు అదీ కారణమే. కాబట్టి అన్నా, పసిఫిక్ ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకండి.

ఇక పీడీవోకూ మనకూ ఉన్న సంబంధం. పీడీవో వెచ్చని దశలో ఉన్నప్పుడు ఎల్‌నినో వస్తే భారత నైరుతికి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుందని 2003లో ఒక పరిశోధన చూపించింది. 1982, 1987 కరువులు ఆ దశలోనివే. అయితే 1965, 1966, 1972 కరువులు చల్లని దశలో వచ్చాయి. అందుకే నేను దీన్ని నైరుతి విషయంలో, అదీ దేశం మొత్తం మీద, ఒక ఆనవాలుగా మాత్రమే తీసుకుంటాను. ‘వచ్చే ఇరవై ఏళ్లు పాకాలకు మంచివి’ అని పీడీవో చూసి ఎవరైనా చెప్తే నమ్మవద్దు.

కొలరాడోలో తిరుపతి

దీనికి ఒకటి కలుపుతాను. ఇక్కడ కూడా చక్రం ఒక్కటే కారణం కాదని ఇప్పుడు తెలుస్తోంది. 2000 నుంచి 2021 వరకు అమెరికా నైరుతి ప్రాంతంలో ఉన్న పొడి కాలం కనీసం 1,200 ఏళ్లలో అతి తీవ్రమైనదని చెట్ల వలయాలు చెప్తున్నాయి. అందులో సుమారు 42 శాతం మనుషుల వల్ల పెరిగిన వేడి కారణంగానేనని లెక్కగట్టారు. సముద్రం కరువును మొదలుపెట్టింది, ఎండ దాన్ని ముదిరేలా చేసింది. 2015 ఏప్రిల్ 1న కాలిఫోర్నియాలో సియెరా నెవాడా కొండల మీద మంచు మామూలులో 5 శాతమే ఉంది. వాన తగ్గడం ఒక కారణం, పడింది కూడా మంచుగా కాక నీళ్లుగా పడి జారిపోవడం ఇంకో కారణం.

మన కొండలకు మంచు లేదు. మన కొండ నీళ్లను దాచుకునేది రాతి పగుళ్లలో, అడవి కింద ఆకుల మట్టిలో. శేషాచలం పైభాగం క్వార్ట్‌జైట్ రాయి, పగుళ్లు ఎక్కువ. ఆ పగుళ్లలోకి ఇంకిన నీళ్లే వాన ఆగిన తర్వాత కూడా తీర్థాల్లో, కోనల్లో ఊటగా వస్తుంటాయి. ఎండాకాలంలో అడవి తగలబడి ఆకుల మట్టి కాలిపోతే, తర్వాతి వాన ఇంకకుండా వంకలో పడి పోతుంది. ఇక్కడి వాళ్లకు మంచు ఎంత ముఖ్యమో మనకు ఆ అడవి అంత ముఖ్యం. సముద్ర చక్రాల గురించి మాట్లాడేవాళ్లు శేషాచలంలో ఎండాకాలపు మంటల గురించి కూడా అంతే పట్టుదలతో మాట్లాడాలి.

మదనపల్లె టమాటా

మరి మాకిప్పుడు హంద్రీ-నీవా నీళ్లు వస్తున్నాయి కదా, ఇక ఈ కొండ వానల మీద ఆధారపడే పని తగ్గినట్టేనా?

గాదంకి గాలి

తమ్ముడూ, దీని గురించి మన జిల్లాలో ఎవరూ పెద్దగా ఆలోచించడం లేదు. హంద్రీ-నీవాలో వచ్చేది శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు. తిరుపతికి తాగడానికి కండలేరు నుంచి వచ్చేదాంట్లోనూ కృష్ణ నీళ్లున్నాయి. కృష్ణ పుట్టేది మహాబలేశ్వరం దగ్గర, పడమటి కనుమల్లో. అక్కడ పడేది నైరుతి వాన. అంటే ఇప్పుడు మనకు రెండు కొండలున్నాయి. ఒకటి ఇంటి దగ్గరిది, ఈశాన్యంతో నిండేది. ఇంకోటి మహారాష్ట్రలో ఉంది, నైరుతితో నిండేది.

2015 గుర్తు చేసుకోండి. ఎల్‌నినో వల్ల పడమటి కనుమల్లో వాన తగ్గి శ్రీశైలానికి నీళ్లు సరిగ్గా రాలేదు. అదే ఏడు శేషాచలం వంకలు పొంగిపొర్లాయి. కాలువ మీదే ఆధారపడి ఇంటి చెరువును వదిలేసిన ఊరికి ఆ ఏడు రెండూ దక్కవు. రెండింటినీ నిలబెట్టుకున్న ఊరికి ఎల్‌నినో వచ్చినా లానినా వచ్చినా ఏదో ఒక వైపు నుంచి నీళ్లు దక్కే అవకాశం ఎక్కువ. రెండు కొండలూ ఒకే ఏడు ఎండటం జరగదని కాదు, కానీ అరుదు. లస్కర్ పెద్దాయన చెప్పిన సప్లై కాలువలకు శాస్త్రం వైపు నుంచి ఇంతకంటే పెద్ద సమర్థన నాకు తెలియదు.

పాత లస్కర్

నాయనా, ఈ మాట మా ఊరి గ్రామసభలో వచ్చి చెప్పు. నేను చెప్తే ముసలోడి చాదస్తం అంటారు. కాలువ నీళ్లు వచ్చాయని చెరువు కట్ట మీద కంపచెట్లు కొట్టించడం కూడా మానేశారు.

కుప్పం మాస్టారు

చర్చ పక్కకు పోతుందేమో కానీ ఒకటి చెప్పాలనిపించింది. పెరూ, బొలీవియాల్లో ఆండీస్ కొండల రైతులు జూన్ చివర్లో తెల్లవారకముందే కొండెక్కి కృత్తికా నక్షత్రాలను చూస్తారు. చుక్కలు మసకగా కనిపిస్తే వాన ఆలస్యమని, తక్కువని అనుకుని బంగాళాదుంప నాటడం వెనక్కి జరుపుతారు. 2000లో శాస్త్రవేత్తలు పరీక్షించి చూస్తే, ఎల్‌నినో ఏళ్లలో ఆ నెలలో చాలా ఎత్తున పలచటి మేఘపు పొర ఎక్కువగా ఉంటుందని, చుక్కలు మసకబారేది దానివల్లేనని, ఆ ఏళ్లలో అక్కడ వాన నిజంగానే తగ్గుతుందని తేలింది. మనమూ కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర అని కార్తెలు లెక్కపెట్టి సేద్యం చేసినవాళ్లమే. ‘ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదు’ అన్న మాటను కూడా మన మండలాల వాన లెక్కలు ముందు పెట్టుకుని ఎవరైనా విద్యార్థి పరీక్షిస్తే బాగుంటుంది. స్వర్ణముఖి తల్లీ, నీ ప్రాజెక్టుకు పనికొస్తుందేమో చూడు.

స్వర్ణముఖి

తప్పకుండా చూస్తాను మాస్టారూ. మండలాల వారీ రోజువారీ వాన లెక్కలు దొరికితే తూర్పు మండలాలు, పడమటి మండలాలు వేరు చేసి, ఎల్‌నినో ఏళ్లలో నైరుతి ఎంత, ఈశాన్యం ఎంత అని చూడాలని ఉంది. ఊళ్లలో ఎవరి దగ్గరైనా పాత వాన పుస్తకాలు ఉంటే చెప్పండి. తోటల్లో, ఫ్యాక్టరీల్లో, బడుల్లో వానమాపకం పెట్టి రాసుకున్నవాళ్లు ఉంటారు.

పాకాల మామిడి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇన్నేళ్లుగా అర్థం కాని 2015, 2016 నాకు ఈరోజు అర్థమయ్యాయి. నాకు తేలింది రాస్తాను, సరిగ్గా ఉందో లేదో చూడండి.

ఎల్‌నినో గట్టిగా ఉంటుందని తేలితే వానాధారపు చెనక్కాయ విస్తీర్ణం తగ్గించి, కొంత కంది, కొంత ఉలవ పెట్టుకుంటాను. చెరువు మీద ఆశ మాత్రం వదులుకోను. సెప్టెంబరులోగా కొండ వంక నుంచి మా చెరువుకు వచ్చే కాలువ పూడిక తీయించాలని ఊళ్లో అడుగుతాను. మామిడి మొక్కలు జూన్‌లో కాకుండా ఈశాన్య వానలు మొదలయ్యాక నాటితే మేలని అనిపిస్తోంది. ముప్పై ఏళ్ల లెక్క ఎవరూ ఇవ్వలేరని తెలిసింది కాబట్టి తోటకు ఒక ఫారం పాండ్ తవ్వుకోవడమే దారి. మరి ఏ నెలలో ఏ కబురు కోసం చూడాలి?

గాదంకి గాలి

సరిగ్గా ఉంది అన్నా. మామిడి విషయంలో ఒకటి, నవంబరు కుంభవృష్టిలో గుంటలో నీళ్లు నిలిస్తే లేత మొక్క వేరు కుళ్లుతుంది. నీళ్లు పక్కకు పోయే దారి ముందే చూసుకోండి.

కబుర్ల సంగతి. మార్చి, ఏప్రిల్‌లలో వచ్చే ఎల్‌నినో అంచనాలను మరీ గట్టిగా పట్టుకోకండి. ఆ నెలల్లో పసిఫిక్ ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారుతుంటుంది, ప్రపంచంలో ఏ మోడలైనా అప్పుడు తడబడుతుంది. భారత వాతావరణ శాఖ ఏప్రిల్ మధ్యలో మొదటి అంచనా ఇస్తుంది, మే చివర్లో దాన్ని సవరిస్తుంది. విత్తనాల నిర్ణయానికి రెండోదే చూడండి. ఆగస్టులో హిందూ మహాసముద్రం డైపోల్ ఎటు పోతోందో గమనించండి. సెప్టెంబరు చివరికో అక్టోబరు మొదటికో ఈశాన్య రుతుపవనాల అంచనా వస్తుంది. మన తూర్పు మండలాలకు అసలైన కబురు అదే, పేపర్లలో మాత్రం లోపలి పేజీలో చిన్నగా వేస్తారు. అది వచ్చిన రోజు ఇదే చర్చలో నేను పెడతాను.

మదనపల్లె టమాటా

పడమటి మండలాలకు వేరే వరసలో పెట్టు అన్నా.

పాత లస్కర్

పాకాల నాయనా, పూడిక తీసేటప్పుడు కాలువ వాలు చెడగొట్టనివ్వొద్దు. జేసీబీ వాడు తొందరలో లోతుగా తవ్వేస్తే నీళ్లు మధ్యలోనే నిలిచిపోతాయి. తూము మట్టానికి తాడు కట్టి చూసుకుంటూ తీయించు. కావాలంటే ఆ రోజు నేనే వస్తాను.